పాతిక మిల్లీమీటర్ల సాక్షి

నేను ఒక ఐపీసును. టెలిస్కోపుకు ఒక కొసన ఆకాశం ఉంటుంది, రెండో కొసన మనిషి కన్ను ఉంటుంది. ఆ కంటికీ గొట్టానికీ నడుమ బొటనవేలంత పొడుగున ఇమిడి కూర్చునేదాన్ని నేను. నా నడుము చుట్టూ తెల్ల అక్షరాలతో 25 మి.మీ. అని రాసి ఉంటుంది. నా పేరూ అదే, ఇంటిపేరూ అదే.

టెలిస్కోపు అంటే ఆ పొడుగాటి గొట్టమేనని చాలామంది నమ్మకం. గొట్టం అడుగున ఉన్న అద్దం వెలుగును పోగుచేసి పెడుతుంది, అంతే. దాన్ని పెద్దది చేసి కంటికి అందించే పని మాది. మాలో ఒక చిత్రం ఉంది. మా మీద అంకె ఎంత చిన్నదైతే బొమ్మ అంత పెద్దగా కనిపిస్తుంది. నాలుగు అంకె వేసుకున్న నా తమ్ముడు చంద్రుడి మీది ఒక్క గుంటనే కన్నంతా నింపి చూపిస్తాడు. నేను చంద్రుణ్ణి మొత్తంగా, చుట్టూ ఉన్న ఖాళీతో సహా చూపిస్తాను. నిండు చంద్రులను ఇద్దర్ని పక్కపక్కన నిలబెట్టినా నాలో ఇంకా చోటు మిగులుతుంది. అయినా మమ్మల్ని ఎంచుకునేటప్పుడు మనుషులు ముందుగా చేయి వేసేది వాడి మీదే.

మనుషుల మొహాలు ఎలా ఉంటాయని నన్ను అడక్కండి. నాకు తెలిసినవి కళ్ళు, అవి కూడా వేలి వెడల్పు దూరం నుంచి. ఎర్రజీరలూ, పుసులూ, కాటుక గీతలూ నాకు బాగా పరిచయం. రెప్పను బట్టి మనిషికి ఏమైనా కనపడిందో లేదో ఇట్టే చెప్పగలను. నిజంగా కనపడినవాడి రెప్ప ఆగిపోతుంది. కనపడకపోయినా పక్కవాళ్ళ మొహమాటానికి "ఆఁ ఆఁ, కనపడింది" అనేవాడి రెప్ప టపటపా కొట్టుకుంటూనే ఉంటుంది. ఈ రెండో రకం వాళ్ళే ఎక్కువ.

సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. నాలో నాలుగు గాజు బిళ్ళలున్నాయి. వాటిని అరగదీసి, రెండేసి చొప్పున అతికించి, అల్యూమినియం గొట్టంలో బిగించి, పైన రబ్బరు అంచు తొడిగారు. నాలోకి చూసిన మొదటి కన్ను ఆ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకమ్మాయిది. గాజు మీద దుమ్ము ఉందేమోనని ట్యూబులైటు వైపు పెట్టి చూసి పక్కన పడేసింది. రోజుకు వెయ్యి ఐపీసుల్లోంచి చూసే ఆమెకు ఒక్క చుక్కను చూసే తీరిక ఉండేది కాదు. అక్కడినుంచి నన్నూ, నాలుగు అంకె తమ్ముణ్ణీ, బొమ్మను మూడింతలు చేసే బార్లో అనే ఇంకో గాజునూ ఒక టెలిస్కోపుతో కలిపి పెట్టెలో పెట్టారు. పెట్టె మీద పసుపుపచ్చ రంగులో "675 రెట్లు!" అని అచ్చేశారు. ఆ అంకె అబద్ధం కాదు. తమ్ముణ్ణీ బార్లోనూ ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే లెక్క ప్రకారం అంతే వస్తుంది. అప్పుడు కనపడేది మాత్రం ఆరువందల డెబ్బై అయిదు రెట్లు పెద్దదైన మసక.

నా మొదటి యజమాని కర్నూల్లో ఒక బ్యాంకు ఆఫీసరు, పేరు విరూపాక్షం. పెట్టె విప్పిన రోజే మేడెక్కి, తమ్ముణ్ణీ బార్లోనూ కలిపి బిగించి చంద్రుడి వైపు తిప్పాడు. చాలాసేపు చూసి, "చంద్రుడి మీద ఏవో గడ్డిమొక్కల్లాంటివి ఊగుతున్నాయి," అని భార్యను పిలిచాడు. ఆమె కూడా వచ్చి చూసి నిజమేనంది. అవి ఎవరి కనురెప్పల వెంట్రుకలు వాళ్ళకే కనపడటం. తమ్ముడి గాజు సూది బెజ్జమంత ఉంటుంది. అందులోంచి చూడాలంటే కన్ను తీసుకెళ్ళి దానికి ఆనించాల్సిందే.

తప్పు ఐపీసులదేనని ఆయన తేల్చాడు. పగలంతా ఫోనులో గ్రూపుల్లో అడిగి, వచ్చిన సలహాలన్నీ విని, నెలకొకటి చొప్పున తెప్పించాడు. ఆరు అంకెది, తొమ్మిది అంకెది, తిప్పితే పెద్దదీ చిన్నదీ అయ్యే జూమ్ ఒకటి, కెమెరా తగిలించే అడాప్టరు, ఫోను బిగించే క్లాంపు. ఆయన మేడ మీద టార్చి వేసుకుని మాలో ఎవరిని పెట్టాలా అని ఆలోచిస్తుండగానే మబ్బు కమ్మేది. ఏడాది తిరిగేసరికి ఆయన దగ్గర తొమ్మిది ఐపీసులు పోగయ్యాయి. శనిగ్రహాన్ని మాత్రం ఒక్కసారీ చూడలేదు. తరవాత ఆయన మనసు రంగు చేపల మీదికి మళ్ళింది. గాజు తొట్టెకు చోటు కావాల్సివచ్చి మమ్మల్నందర్నీ ఒక అట్టపెట్టెలో సర్ది, టెలిస్కోపుతో సహా అమ్మకానికి పెట్టాడు.

కొనడానికి బేతంచెర్ల నుంచి దస్తగిరి వచ్చాడు. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసే మనిషి. మమ్మల్ని ఒక్కొక్కరినీ తీసి, వెలుతురుకు పెట్టి, బూజు పట్టిందేమోనని చూసిన తీరు చూస్తేనే గాజుతో బతికేవాడని తెలిసింది. కెమెరా అడాప్టరు కనపడగానే వాడి వేళ్ళు తొందరపడ్డాయి. వాడికి చుక్కల మీద మోజు లేదు. వాడికి కావలసింది ఒక్క ఫోటో, నెలవంకది. ఎందుకో వాళ్ళింటి మేడ మీద నాకు తెలిసింది.

దస్తగిరి మామ హుసేనప్పకు డెబ్బై దాటాయి. దూది ఏకి పరుపులు కుట్టిన చేతులు ఆయనవి. వాళ్ళ పేటలో రంజాను నెలలో ఇరవై తొమ్మిదో ఒక్కపొద్దు విడిచిన సాయంత్రం పడమటి దిక్కున నెలవంక కనపడితే మర్నాడు పండగ. కనపడకపోతే ఇంకొక ఒక్కపొద్దు ఉండాలి. హైదరాబాదు నుంచి ఫోను వచ్చేదాకా ఆగే ఊళ్ళున్నాయి. ఈ పేటవాళ్ళకు మాత్రం తమ కళ్ళతో చూసుకోవాలని పట్టింపు. కనీసం ఇద్దరు వట్టి కంటితో చూసి మసీదులో ఇమాం సాబు ముందు గవాహి చెప్పాలి, అంటే సాక్ష్యం. ఆయన వాళ్ళ పేర్లు ఒక పాత పుస్తకంలో రాసుకుంటాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ పుస్తకంలో ఏటా మొదటి పేరు హుసేనప్పది.

పోయిన ఏడాది మాత్రం పొరపాటు జరిగింది. ఆ ఊరి చుట్టూ నాపరాళ్ళు కోసే, పాలిషు పట్టే ఫ్యాక్టరీలు. సాయంత్రమైతే పడమర అంతా రాతిపిండి. ఎవరికీ ఏమీ కనపడలేదు. హుసేనప్ప చేయెత్తి "అదో!" అన్నాడు. ఆయన మాట మీద నమ్మకంతో పక్కనున్న ఇద్దరు కూడా "ఆఁ ఆఁ" అన్నారు. ఇమాం సాబు రాసుకున్నాడు. మర్నాడు పేటంతా సేమ్యా వండుకుంటుంటే చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ పండగ కాలేదు. వాళ్ళు ఒక్కపొద్దు ఉన్నారు.

అప్పటినుంచి గుసగుసలు మొదలయ్యాయి. పాలిషింగు ఫ్యాక్టరీ నడిపే రహంతుల్లా అయితే టీ కొట్టు దగ్గర అందరూ వినేలా అన్నాడట, "ముసలాయనకు కండ్లల్లో పువ్వేసింది. ఆయన పువ్వును జూసి మనం పండగ జేసుకుంటిమి," అని. హుసేనప్ప ఆ మాటకు కోపం తెచ్చుకోలేదు. పండగైన మూడో రోజు ఎవరికీ చెప్పకుండా ఆ పోయిన ఒక్కపొద్దు తానొక్కడూ తీర్చుకున్నాడు. పేటలో మిగతావాళ్ళది తాను తీర్చలేడు కదా, అది ఆయన్ను తొలిచేస్తోంది. ఈసారి ఏం చెప్పాలి, అసలు చెప్పాలా వద్దా అన్నదే ఆయన బాధ. దస్తగిరి బాధ వేరు. మామ మాట మళ్ళీ నిలబడాలి. దానికి ఫోటో ఒక్కటే దారి అని వాడి నమ్మకం.

రంజానుకు రెండు నెలల ముందే వాడు మేడ మీద కుస్తీ మొదలుపెట్టాడు. ఐపీసులేవీ వద్దనుకుని, పెళ్ళిళ్ళకు వాడే పెద్ద కెమెరాకు లెన్సు ఊడదీసి, అడాప్టరు తగిలించి, నేరుగా టెలిస్కోపుకు బిగించాడు. చంద్రుడు మసగ్గా, ఉండలా కనపడ్డాడు. మర తిప్పుతూ కెమెరాను లోపలికి, ఇంకా లోపలికి జరిపాడు. చివరికంటా జరిగింది కానీ బొమ్మ తేటపడలేదు. ఇంకొక్క అంగుళం లోపలికి పోతే సరిపోయేది, ఆ అంగుళం ఈ గొట్టంలో లేదు. మొదటిసారి టెలిస్కోపు కొన్న ఫోటోగ్రాఫర్లందరూ తగులుకునే గోడే ఇది. నేను పెట్టెలోంచి చూస్తూనే ఉన్నాను. నన్నెవరూ అడగలేదు.

వాడు కెమెరానే అనుమానించాడు. తుడిచాడు, ఊదాడు, మార్చాడు. తరవాత బార్లోను మధ్యలో పెడితే బొమ్మ కుదురుతుందని ఎవరో చెప్పారు. నిజంగానే కుదిరింది. కాకపోతే కెమెరా బరువుకు గొట్టం మెల్లగా తల దించేసేది. ఫోటోగ్రాఫరు బుద్ధి ఎక్కడికి పోతుంది, లైటు స్టాండ్లకు కట్టే ఇసక సంచీ తెచ్చి రెండో కొసన వేలాడదీశాడు. ఇప్పుడది ఊగడం మొదలెట్టింది.

వాడి భార్య లాలుబీ బట్టలు తీయడానికి మేడెక్కి ఈ వైభవం చూసింది. "ఇంతకీ మా నాయనకు దీంట్లో కనపడతాదో లేదో జూసినావా? ముందు మనిషిని పిల్చి సూపీరాదా," అంది.

ఆ మాటతో హుసేనప్పను పైకి తెచ్చారు. ఆయన దాన్ని దుర్బిణి అంటాడు. దస్తగిరి మామ మీద గౌరవంతో అందరికంటే ఎక్కువ చూపించే నాలుగు అంకె తమ్ముణ్ణి బిగించాడు. ఆయన కళ్ళద్దాలు తీసి, కన్ను ఆనించి, ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. సూది బెజ్జంలోంచి సన్నటి మసక వెలుగు ఒకటి శుక్లం పట్టిన కంటిలోకి పోతే ఏం కనపడుతుంది? ఆయన వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు.

"పాయె. నా కండ్లు పాయె దస్తగిరీ. రహంతుల్లా అనేది నిజమే," అన్నాడు.

లాలుబీ పెట్టెలో చేయి పెట్టి మమ్మల్నందర్నీ కెలికింది. తమ్ముణ్ణీ నన్నూ పక్కపక్కన పట్టుకుని చూసింది. ఆమెకు మిల్లీమీటర్లు తెలియవు, రెట్లు తెలియవు. "ఇది ఇంత సన్నంగుంటే మనిషి ఎట్ల జూస్తాడు? ఈ లావుది పెట్టు. దీనికైతే నాయన అద్దాలు తియ్యాల్సిన పన్లేదు," అంది. విరూపాక్షం ఏడాదిపాటు గ్రూపులన్నీ గాలించి తెలుసుకోలేకపోయిన సంగతి అది. నేను కంటిని వేలి వెడల్పు దూరంలో నిలబెట్టి కూడా చూపించగలను. వెలుగు కూడా తమ్ముడికంటే ధారాళంగా ఇస్తాను. నన్ను బిగించారు.

హుసేనప్ప కళ్ళద్దాలతోనే వంగాడు. కుడికన్ను పెట్టాడు. అది పాలు కలిపినట్టు తెల్లగా ఉంది. నేను గాజును, ఆ కంట్లోనూ ఒక గాజు ఉంటుంది, దాని పని అయిపోయిందని నాకు చూడగానే తెలిసింది. "ఎడమది పెట్టు నాయనా," అంది లాలుబీ. ఎడమకంట్లో మసక ఒక పక్కకే ఉంది. ఆ కన్ను కాసేపు వెతుక్కుంది. అర్ధచంద్రుడు నాలోకి జరిగి వచ్చాడు. రెప్ప కొట్టుకోవడం ఆగిపోయింది.

"యా అల్లా," అన్నాడు మెల్లగా. చాలాసేపటికి, "ఇది తలకిందలుగ సూపిస్తాది," అన్నాడు.

"లోపల అద్దం తిప్పేస్తాది మామా. మా తాత కాలం కెమెరాల్లో గూడ పెండ్లికొడుకు తలకిందలుగానే కనపడేటోడు," అని దస్తగిరి నవ్వాడు.

ఆ రోజునుంచి నా దశ తిరిగింది. ఫోను బిగించే క్లాంపును నా మెడకు తగిలించవచ్చని దస్తగిరి కనిపెట్టాడు. పెద్ద కెమెరా కుదరని చోట ఫోను కుదిరింది. తరవాతి నెల నెలవంకను నాలోంచి ఫోనుతో తీసి, సంబరంగా మామకు చూపించాడు. ఆయన ఆ బొమ్మను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"నువ్వు పెండ్లి ఫోటోల్లో నల్లోళ్ళను తెల్లగ జేస్తావు. సందమామను జెయ్యలేవా? అని అడుగుతారు దస్తగిరీ. గవాహి అంటే మనిషి జెప్పేది. ఫోను జెప్పేది గాదు," అన్నాడు.

రంజాను వచ్చింది. ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం ఒక్కపొద్దు విడిచి, నమాజు అయ్యాక ముగ్గురూ మేడెక్కారు. హుసేనప్ప కంటికి సుర్మా పెట్టుకున్నాడు. పొద్దు పూర్తిగా మునిగాకే దుర్బిణి తిప్పాలని దస్తగిరిని ముందే కట్టడి చేశాడు. పక్క వీధిలో మసీదు మేడ మీద జనం అప్పటికే నిండి ఉన్నారు. పడమర ఎప్పటిలాగే రాతిపిండితో బూడిదరంగుగా ఉంది. నెలవంక మునగడానికి ముప్పావుగంట టైముంది. అందులో సగం చీకటి పడటానికే పోతుంది.

ముందు దస్తగిరి పట్టుబట్టాడు. "ఒక్క ఫోటో మామా, రెండు నిమిషాలు. ఎవుడన్న నోరెత్తితే మొగాన పెడతా." నా మెడకు క్లాంపు తగిలించి, ఫోను బిగించి, సెల్‌ టవరు పక్కన ఆకాశాన్ని మెల్లగా గాలించాడు. ఫోను తెర మీద సన్నటి వెలుగు గీత ఒకటి మెరిసింది. "వచ్చె మామా, వచ్చె!" అంటూ వాడు బొత్తాం నొక్కబోయేసరికి ఫోను బరువుకు గొట్టం తల దించింది, గీత జారిపోయింది. మళ్ళీ వెతికాడు. మళ్ళీ జారింది. టెలిస్కోపుకు కన్ను పెట్టే చోటు ఒక్కటే. అక్కడ ఫోను ఉంటే మనిషి కంటికి చోటుండదు. హుసేనప్ప చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. పది నిమిషాలు అలాగే పోయాయి.

"ఆ ఫోను తీస్తావా, దాన్ని దుర్బిణితో సహా కిందికి తొయ్యల్లా?" అని లాలుబీ అరిచాక గానీ వాడు క్లాంపు విప్పలేదు.

హుసేనప్ప వంగాడు. దస్తగిరి ఒక్కో పిసరు తిప్పుతూ పోయాడు. నాలో చోటు ఎక్కువ కాబట్టి వెతుకులాట త్వరగా తెమిలింది. బూడిదరంగు ఆకాశంలో, గోరు గీరినంత సన్నగా, నెలవంక నాలోకి వచ్చింది. బోర్లించిన పడవలా, కొమ్ములు కిందికి పెట్టుకుని ఉంది. ఎడమకన్ను రెప్ప ఆగింది. సుర్మా కలిసిన నీటిచుక్క ఒకటి నా రబ్బరు అంచు మీద పడింది. ఆయన చూశాడు. ఈ భూమ్మీద దానికి సాక్ష్యం చెప్పగలిగేదాన్ని నేనొక్కదాన్నే, నాకేమో నోరు లేదు.

తరవాత ఆయన లేచి నిలబడి, టవరుకు ఎడమపక్కన, ఎక్కడ చూడాలో ఇప్పుడు తెలిసిన చోటికి వట్టి కళ్ళతో చూశాడు. అద్దాలు తీసి పంచె అంచుతో తుడిచి పెట్టుకుని మళ్ళీ చూశాడు. మెడ అలాగే ఉంచి చాలాసేపు నిలబడ్డాడు.

"కనపడెనా మామా?" అన్నాడు దస్తగిరి.

"దుర్బిణిలో కనపడె."

"ఇంకేంది, పా పోదాం. ఇమాం సాబు కొమ్ములు యాపక్క అని అడుగుతాడు, ఎప్పుడూ అడిగేదే గదా. పైకి అని జెప్పు, సరిపోతాది."

ఆయన మెట్లు దిగడం మొదలెట్టాడు. కాపలా లేని చోట గాజును వదిలిపెట్టడం దస్తగిరికి అలవాటు లేదు. టెలిస్కోపును మేడ మీదే వదిలి, నన్ను మాత్రం లాగి చొక్కా జేబులో వేసుకుని మామ వెనకే నడిచాడు. కాబట్టి మసీదులో జరిగినదేదీ నేను చూడలేదు, అన్నీ విన్నాను.

జనం సద్దు ఎక్కువగా ఉంది. ఎవరికీ ఇంకా కనపడినట్టు లేదు. హుసేనప్ప వచ్చాడనగానే సద్దు తగ్గింది. "వచ్చినాడప్పా," అని ఎవరో అంటే ఇంకెవరో ముసిగా నవ్వారు. కాగితాలు తిప్పిన చప్పుడైంది.

"హుసేనప్పా, అల్లా పేరు దల్చుకొని చెప్పు. జూసినావా?" అని ఇమాం సాబు అడిగాడు.

"జూసినా సాబ్."

"ఎంత ఎత్తున?"

"టవరు కాడ. ఎడమపక్క, రెండు జానల మీద."

"కొమ్ములు యాపక్క ఉండాయి?"

దస్తగిరి గుండె నా గాజుకు తగులుతూ దడదడ కొట్టుకుంది.

"కిందికుండాయి సాబ్," అన్నాడు హుసేనప్ప.

నవ్వు రేగింది. సాయంత్రపు నెలవంక కొమ్ములు పైకే ఉంటాయని ఆ పేటలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ముప్పై ఎనిమిదిసార్లు "పైకి" అని చెప్పిన నోరు అది. "పాపం, పూర్తిగా పోయినట్లుండాదే," అన్న గొంతు రహంతుల్లాదని తరవాత తెలిసింది.

ఇమాం సాబు నవ్వలేదు. "ఇంకోతూరి చెప్పు హుసేనప్పా. కిందికా?"

"నేను జూసింది కిందికే. మా అల్లుని దుర్బిణిలో జూసినా, అది తలకిందలు సూపిస్తాది. వట్టి కంటికి నాకు కనపల్లేదు సాబ్. జూసిందే జెప్పల్ల గదా, ఉండాల్సింది జెప్పకూడదు గదా. ఇంకొక మాట. పోయినేడు నేను జూసినానో, నా కంట్లో పువ్వే అట్ల కనపడెనో నాకు తెలీదు. అల్లా తోడు, తెలీదు. అది గూడ రాసుకోండి."

ఇప్పుడెవరూ నవ్వలేదు.

"పోయినేడు చెప్పింది నువ్వు, విని రాసింది నేను. సగం భారం నాది. నువ్వొక్కడివే మొయ్యొద్దు," అన్నాడు ఇమాం సాబు. తరవాత, "దస్తగిరీ, నువ్వు జూసినావా?" అని అడిగాడు.

"నేను... ఫోన్లో జూసినా సాబ్," అన్నాడు దస్తగిరి. ఇరవై ఏళ్ళుగా ప్రతి పెళ్ళినీ తెర మీదే చూసిన మనిషి, ఆ రోజు తలెత్తి ఆకాశాన్ని చూడటం మరిచిపోయాడు.

"నా గవాహి ఇడ్సిపెట్టండి సాబ్," అన్నాడు హుసేనప్ప. "కానీ సందమామ ఆడ ఉండాది. ఇంకా కాల్గంట ఉంటాది. మంచి కండ్లున్నోళ్ళను పైకి రమ్మనండి, నేను సూపిస్తా."

మెట్ల మీద అడుగుల చప్పుడు. జేబులో ఎగురుతూ నేనూ పైకి వెళ్ళాను. హుసేనప్ప చేయెత్తి ఉంటాడు, ఆయన గొంతు వినపడుతోంది. "టవరు జూసుకోండి. దాని ఎర్రలైటు కాడ్నించి ఎడమపక్క. నా మొగం జూడద్దండప్పా, నా వేలు కొస జూడండి. ఇంకొంచెం మీద." ఎంతసేపు గడిచిందో చెప్పలేను. ఎవరో ఊపిరి గట్టిగా పీల్చారు.

"ఉండాది," అన్నాడు రహంతుల్లా. వాడి గొంతు నమ్మలేనట్టుగా ఉంది. "సన్నంగ. సెప్పిన కాడనే ఉండాది. కొమ్ములు మీదికి."

"నాకూ కనపడె!" అన్నారు ఇంకెవరో. తరవాత కేకలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

ఇమాం సాబు పుస్తకంలో ఆ ఏడు రహంతుల్లా పేరు మొదట ఉంది. హుసేనప్ప పేరు లేదు. మర్నాడు పండగ, చుట్టుపక్కల ఊళ్ళన్నిటితో పాటే. ఒక్క ఒక్కపొద్దు కూడా తప్పలేదు. నమాజు నుంచి వచ్చిన హుసేనప్ప లాలుబీ పెట్టిన సేమ్యా రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడనీ, తింటూ ఏడ్చాడనీ ఆ సాయంత్రం ఆమె మేడ మీద భర్తతో చెప్పింది.

నేను ఇప్పటికీ ఆ మేడ మీదే పనిలో ఉన్నాను. నాలుగు అంకె తమ్ముడు, బార్లో, ఆ తొమ్మిదిమందిలో మిగతావాళ్ళు అట్టపెట్టెలో ఉన్నారు. కెమెరా అడాప్టరు స్టూడియోలో కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పనికొస్తోంది. కంటికి ఆపరేషను చేయించుకోమని లాలుబీ పోరుతోంది. ఆయన చేయించుకుంటాడో లేదో నాకు తెలియదు.

ఒకటి మాత్రం కొత్తగా మొదలైంది. ప్రతి నెలా ఇరవై తొమ్మిదో సాయంత్రం ఇమాం సాబూ, రహంతుల్లా, ఇంకో నలుగురూ మేడెక్కి వస్తారు. హుసేనప్ప నాలోంచి చూస్తాడు. నెలవంక దొరికితే రెప్ప ఆగుతుంది. లేచి వేలు చాపి చోటు చూపిస్తాడు. చూపించి, వెంటనే పడమరకు వీపు పెట్టి తిరిగి నిలబడతాడు. కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా, "నీకు కనపడెనా తాతా?" అని అడుగుతారు.

"నన్నడగద్దు," అంటాడు. "మీరు జూసి నాకు జెప్పండి."